సీమ పిల్లి

మిషను బంగళా ముందు బళ్లు కడుతున్నారు. సీమకి తిరిగి పోతున్న దొరసాని, బంగళా ఊడ్చే సవరమ్మ ముందు రెండు పిల్లుల్ని దించి ఒకదాన్ని తీసుకోమంది. ఒకటి బూరుగుదూది లాంటి సీమ పిల్లి, రెండోది చారల నాటు పిల్లి.

"సారలది బేగి తీయే," మొగుడు తోమా తొందరపెట్టాడు. "ఇత్తనం సోళ్లన్నీ ఎలకలు తినేత్తన్నాయి."

సవరమ్మ చారలదాన్ని ఎత్తింది, దించింది. దిగువనున్న తమ ఇంటివైపు చూసింది. చటుక్కున తెల్లదాన్ని పొదువుకుని నడిచింది.

"మతిపోనాదేటే? అది ఎలకని పడతాదా?" వెనకే వస్తూ అరిచాడు తోమా. "వచ్చే ఏడు ఏటి తింటాం?"

"తినడానికి మన గుంట బతకాల గదా," అంది ఆగకుండానే. "జొరంతో పడుకున్నాక ఇయ్యాలే నోరిప్పినాది. తెల్ల పిల్లి కావాలన్నాది."

తోమా ఆమెను దాటి పరుగెత్తి, ఇంటి తలుపు తీశాడు.