కృతజ్ఞతల పేజీ

ఆ అమ్మాయి రాత కోడి గెలికినట్టుంటుంది. టైపింగ్ షాపులో మిగతా ఇద్దరూ ఆ కాగితాలు చూసి దణ్ణం పెట్టేశారు. టైపిస్టు మాత్రం ఒక్క మాట అడక్కుండా మూడు నెలల్లో రెండు వందల డెబ్భై పేజీలు కొట్టింది.

పిల్లల మాయాలోకపు కథల్లో సవతి తల్లి గురించి స్త్రీవాద పరిశోధన అది. టైపిస్టు తను కొట్టేది ఎప్పుడూ చదవదు, చదివితే చెయ్యి నెమ్మదిస్తుంది. ఇది మాత్రం చదివింది. కథ మొదలవగానే కన్నతల్లిని చంపేస్తారట. తర్వాత వచ్చినదాన్ని మంత్రగత్తెను చేస్తారట. ఆవిడ అన్నం పెట్టినా అందులో విషం వెతుకుతారట. తండ్రి మాత్రం ఎప్పుడూ మంచివాడే, ఎందుకంటే ఎప్పుడూ ఇంట్లో ఉండడు. ఆ అధ్యాయాన్ని టైపిస్టు రెండుసార్లు చదువుకుంది. పిల్ల ఎంత బాగా రాసిందో అనుకుంది.

ఇక మిగిలింది కృతజ్ఞతల పేజీ. టైపు చేసినవాళ్ళ పేరు అందులో వెయ్యడం ఆనవాయితీ. ఇన్నేళ్ళలో ఆమె పేరు అలా ఎన్నిటిలోనో పడింది, ఏనాడూ పట్టించుకోలేదు. ఈసారి మాత్రం ఆ కాగితం కోసం కళ్ళు కాయలు కాచాయి. ఎవరికైనా చెబితే నవ్వుతారని చెప్పలేదు.

శనివారం ఆ అమ్మాయి హాస్టల్ స్నేహితురాలిని వెంటబెట్టుకుని వచ్చి కాగితం ఇచ్చింది. టైపిస్టు స్టూలు జరిపినా కూర్చోలేదు. దగ్గుతున్నావు, చల్లనీళ్ళు మానెయ్యమంటే తలూపింది.

"మీ టైపిస్టు భలే మంచావిడే" అంది స్నేహితురాలు.

"ఎప్పట్నుంచో తెలిసినావిడలే."

గైడుకు కృతజ్ఞతలున్నాయి. లైబ్రేరియనుకున్నాయి, గది స్నేహితురాళ్ళకున్నాయి, ఆఖరికి హాస్టల్ మెట్ల మీది పిల్లికి కూడా ఉన్నాయి. 'అమ్మ పోయాక అన్నీ తానే అయి పెంచిన నాన్నకు' అన్న చోట టైపిస్టు వేలు తప్పు మీట మీద పడింది. చెరిపి మళ్ళీ కొట్టింది.

చిట్టచివర తన లైను ఉంది. 'ఓపిగ్గా టైపు చేసిన టైపిస్టుకు.'

"పేరు వెయ్యనా?" అని అడిగింది, వీలైనంత మామూలుగా.

ఆ అమ్మాయి ఒకసారి స్నేహితురాలి వైపు చూసింది.

"అక్కర్లేదండీ. టైపిస్టు అంటే చాలు."

పేజీ ప్రింటు తీసి, కట్టకు పైన పెట్టి, అంచులు సరిచేసి ఆ అమ్మాయి చేతికిచ్చింది. ఎంత బాధేసినా ఒక్క కాగితం కూడా నలగనివ్వలేదు.

ఆ చేతినే పట్టుకుని పలక మీద అక్షరాలు దిద్దించినప్పుడు ఆ అమ్మాయికి నాలుగేళ్ళు, ఆ అమ్మాయి నాన్నకు టైపిస్టు రెండో భార్యగా వచ్చి అప్పటికి రెండేళ్ళు.