టోకెన్ దొర

"రక్తం కారిపోతుంటే టోకెనేంటి సార్?"

ఎర్లిండా గొంతుకు ఎమర్జెన్సీ వార్డంతా తలెత్తి చూసింది.

గుమ్మంలో ఓ చెరకు కూలీ తమ్ముణ్ణి భుజాన మోసుకొచ్చి నిలబడ్డాడు. తమ్ముడి తొడ తెగి నేలంతా నెత్తురు. అన్న నడుముకి చెరకు నరికే కత్తి వేలాడుతోంది.

వాళ్ళకు అడ్డంగా మేనేజరు విల్యారుజ్. నెల కిందటే వచ్చాడు.

"పేషెంటును మీరు తీసుకోండి. ఇతను కత్తి గేటు దగ్గరిచ్చి, టోకెన్ పుచ్చుకుని వస్తాడు."

రూలు ఆయన పెట్టిందే. చెరకు కోతల కాలంలో నీగ్రోస్ దీవిలో కత్తి లేని మగవాడుండడు. టోకెన్ అడిగినందుకు నర్సులకు రోజూ తిట్లే. అందుకే ఆయనకు టోకెన్ దొర అని పేరు పెట్టారు. ఎడమచెయ్యి జేబులోంచి తియ్యడు. పని అంటుకుంటుందని భయమని నవ్వుకునేవాళ్ళు.

ఎర్లిండాకైతే ఒళ్ళుమంట. ఇరవయ్యేళ్ళుగా నర్సు ఆమె. గట్టున కూర్చుని ఈత నేర్పేవాడు తనకు చెప్పడమేమిటి?

"తమ్ముడు నా చెయ్యి వదలట్లేదక్కా," అన్నాడు కూలీ.

"ముందు నెత్తురు, తర్వాతే రూలు. నువ్వు రా నాయనా."

మేనేజర్ని మోచేత్తో పక్కకు నెట్టి ఇద్దర్నీ లోపలికి తీసుకుపోయింది.

తొడకు కట్టు బిగిస్తుండగా తమ్ముడు కళ్ళు తెరిచాడు. పక్క మంచం మీద తల పగిలినవాణ్ణి చూశాడు.

"అన్నా, నన్ను నరికింది వీడే."

కత్తి ఒరలోంచి వచ్చింది.

మొదటి వేటుకు సెలైన్ సీసా పగిలింది. రెండు మంచాల మధ్య ఇరుక్కున్న ఎర్లిండా మీదికి రెండో వేటు లేచింది.

ఎవరో ఆమెను జబ్బ పట్టి వెనక్కి లాగారు. వేటు విల్యారుజ్ మెడకూ భుజానికీ మధ్య దిగింది. మూడోది పొట్టలో. ఆయన వదల్లేదు. కూలీని వాటేసుకుని, గార్డులొచ్చి కత్తి లాక్కునేదాకా పట్టుకునే ఉన్నాడు.

ఎర్లిండా రెండు చేతులతో మెడ మీద నొక్కింది. వేళ్ళ సందుల్లోంచి నెత్తురు చిమ్మింది.

అప్పుడు, ఎప్పుడూ జేబులో ఉండే ఆయన ఎడమచెయ్యి పైకి లేచింది. దానికి ఉన్నవి రెండే వేళ్ళు. అవి ఆమె చేతిని అంగుళం కిందికి జరిపాయి.

"ఇక్కడ."

చిమ్మడం ఆగింది. కానీ పొట్టలోది ఆగలేదు.

మర్నాడు ఆయన భార్య సామాన్లు తీసుకెళ్ళడానికి వచ్చింది. ఆయన టోకెన్ల పెట్టెను ఎర్లిండా తనే తెచ్చి ఇచ్చింది.

"ఎక్కడ నొక్కాలో సార్‌కెలా తెలుసమ్మా?"

"చెప్పలేదా? చెబితే జాలిపడతారుగానీ మాట వినరనేవాడు. పదకొండేళ్ళు ఎమర్జెన్సీలో నర్సుగా చేశాడు తల్లీ. ముందు నెత్తురు, తర్వాతే రూలు అని తనే ఓ కూలీని కత్తితో లోపలికి రానిచ్చిన రోజునే ఆ వేళ్ళు పోయాయి."