తల తిరుగుడు మాత్ర

"ఏమండీ, మంచం ఊగుతోంది," అని మళ్లీ పిలిచింది భార్య.

"ఊగేది మంచం కాదు, నీ తల," అని విసుక్కున్నాడు భర్త. బస్సు ప్రయాణాల్లో వాంతులు రాకుండా తను వేసుకునే మాత్ర ఒకటి మింగించాడు. ఆ మత్తుకు ఆమె ఇట్టే నిద్రపోయింది.

కాసేపటికి పై అంతస్తు పెద్దావిడ గోడ పట్టుకుంటూ మెట్లు దిగి వచ్చింది.

"తల తిరక్కుండా ఏమైనా మాత్రలున్నాయా బాబూ? పొద్దున్నుంచీ మా ఇంటిల్లిపాదికీ ఒకటే తిరుగుడు."

అతను జవాబు చెప్పేలోగా ద్వారబంధం మీది గోడ పటపటమని బీటలువారింది.

"మీవాళ్లందర్నీ కిందికి దించండమ్మా, బిల్డింగ్ ఒరుగుతోంది!" అని అరిచి, పరుగున వెళ్లి భార్యను కుదిపాడు. "లేవే, లే!"

ఆమె కళ్లు తెరవలేదు.

"ఇప్పుడు హాయిగా ఉందండీ. కాసేపు పడుకోనివ్వండి," అని అటు తిరిగింది.