ఇప్పచెట్ల కింద మంట

"అడవికి మంట ఎవరు పెడతరు?" ఫైర్ స్టేషన్ చూడటానికి వచ్చిన మూడో తరగతి పిల్లలను ఫైర్‌మన్ హఫీజ్ అడిగాడు.

గోరి చెయ్యెత్తింది. "మా నాయన సార్. ఇప్పపువ్వు ఏరాలంటే కింద ఆకులు కాలబెట్టాలె గద."

పక్కనే చాయ్ తాగుతున్న ఫారెస్టు గార్డు తిరుపతి ఫోన్ తీశాడు. మంట ఎక్కడ లేచినా అతనికి ముందు కావలసింది నీళ్లు కాదు, పేరు.

"మీ నాయన పేరేంది బిడ్డా?"

టీచరమ్మ గోరి భుజం గట్టిగా పట్టుకుంది.

"మా నాయన గూడ పెడతడు సార్." వెనక ఇంకొకడు అన్నాడు.

"మా తాత గూడ."

చేతులన్నీ లేచాయి.

"ఎంతమందిని పట్కపోతవ్ తిరుపతన్నా?" అన్నాడు హఫీజ్. "మొన్న నేను మంటల ఇరుక్కుంటే, పచ్చి కొమ్మలతోని మంటను కొట్టి నన్ను బయటికి గుంజింది వీళ్ళ నాయనలే."

"మా నాయన పేరు బద్యా" అంది గోరి గర్వంగా.

తిరుపతి ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.