రాగి వల

"ఆ రాగి వలకి ఇవాళే ఆఖరు," అన్నాడు ప్రేమ్‌చంద్ మూడోసారి. "సోమవారం నువ్వు సత్తెనపల్లి బళ్ళో చేరకపోతే ఆ పోస్టు ఇంకొకరికి పోతుంది."

"ఇంకొక్కసారి ఫలితం వస్తే మా సారు థీసిస్ మీద సంతకం పెడతానన్నారు," అంది అతని భార్య జ్యోతిర్మయి. ఆమె కూడా మూడోసారే.

రెండేళ్లుగా పెరటి వరండాలో అదే పని. సోడా కొట్టు హయాత్ ఇచ్చే బొగ్గుపులుసు వాయువును ఉప్పు నీళ్లలోకి వదిలి, అందులో ముంచిన రాగి వలకు కరెంటు పెడుతుంది. వాయువు పనికొచ్చే ఆమ్లంగా మారితే, తర్వాత ఆ నీళ్లలో వేసిన పర్మాంగనేటు గులాబీ రంగు పోవాలి. వలలు మార్చింది, ఉప్పులు మార్చింది. నలభైసార్లు చేస్తే నాలుగుసార్లే పోయింది. ఎందుకు పోయిందో తెలియదు.

"దాన్ని చేసుకోనీరా," అంది అత్తగారు వెంకటరావమ్మ, చేటలో మిరపకాయలకి తొడిమలు తీస్తూ. "నువ్వు పత్తికి మందులు మార్చి మార్చి కొట్టట్లా? నిన్నెవరన్నా అడిగారా?"

"ఆ పురుగూ చావలా," అన్నాడు మామగారు పేరయ్య, పేపర్లోంచి తలెత్తకుండా.

అంతలో కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది.

"శుక్రవారం పూట కూడా తీశాడు," అంది వెంకటరావమ్మ. "నువ్వేం దిగులుపడకే. నీ రంగు పోయిన రోజులన్నీ శుక్రవారాలేగా."

జ్యోతిర్మయి ఆలోచించింది. నిజమే. "మీకెలా గుర్తుందత్తయ్యా?"

"పూజ చెంబులతో పాటు నీ వల కూడా చింతపండేసి తోమిన రోజులేగా అవి. నువ్వేమంటావోనని చెప్పలా. కడిగితే మెరుపు పోద్దని ఊరికే గుడ్డతో తుడిచి పెట్టేస్తా. తళతళలాడితే నీ పనీ బాగా సాగుద్దని. ఇవాళా తోమా, చూసుకో."

జ్యోతిర్మయి లేచి పెరట్లోకి వెళ్లి, ఆ వలను ఉప్పు నీళ్లలో ముంచి పర్మాంగనేటు వేసింది.

పది నిమిషాల తర్వాత చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది. ఫ్యాను ఇంకా కదల్లేదు.

"సోమవారం బళ్ళో చేరతాను," అంది మెల్లగా, అందరికీ వినపడేలా.

పేరయ్య పేపరు దించాడు. వెంకటరావమ్మ చేట పక్కన పెట్టేసింది.

"అదేంటే, రంగు పోలేదా?"

"పోయిందత్తయ్యా. మీ చింతపండు పులుపుకే, కరెంటు లేకుండానే పోయింది."