చివరి తూము

పొట్టకొచ్చిన వరి నీళ్లడుగుతోంది. దేవిదాస్ మడిలో దిగి నడిస్తే కాలికి బురద అంటడం లేదు. ఒక్క తడి పడితే గింజ పాలు పోసుకుంటుంది. పడకపోతే ఈ యాసంగికి పశువుల గడ్డే దిక్కు.

గట్టెక్కి కాలువ పైకి చూశాడు. ఆ చివర, మొదటి తూము కింద, కోస్తా నుంచి వచ్చి క్యాంపు కట్టుకున్న వెంకటనారాయణ పొలం నిగనిగలాడుతోంది. ఈ చివర తనది. నీళ్లు వచ్చినట్టే వచ్చి నడుమనే ఆగిపోతున్నాయి.

నీళ్ల వంతు చెప్పే మిషన్ కూడా క్యాంపోళ్ల దిక్కే మొగ్గింది, అనుకున్నాడు.

ఆ మిషన్‌ను నెత్తికెత్తుకున్నది తనే. అంతకుముందు వంతు ప్రకారం తూములు తెరవడం, మూయడం నీరడి హన్మాండ్లు పని. అతని మీద దేవిదాసుకు నమ్మకం పోయి ఏళ్లయింది. చివరి తూముకు నీళ్లు ఎప్పుడూ పొద్దుగూకాకే వచ్చేవి, దొంగ సొమ్ములా. ఇదేం పద్ధతని అడిగితే హన్మాండ్లు నేలచూపులు చూసేవాడు. పైగా క్యాంపులో, వెంకటనారాయణ వాకిట్లో, అతను చేతులు కట్టుకుని నిలబడి ఉండటం దేవిదాస్ కళ్లారా చూశాడు. అక్కడ ఏం మంతనాలు జరుగుతాయో ఒకరు చెప్పాలా?

బాన్సువాడలో కంప్యూటర్ సెంటర్ తెరిచారని విన్నప్పుడు అతనికి ఆలోచన తట్టింది. మిషన్‌కు బావమరుదులుండరు. ఎవరి వాకిట్లోనూ నిలబడదు. కాలువలో నీళ్లెంతున్నాయో కొడితే ఏ తూము తెరవాలో అదే చెబుతుంది. ఎవరి తూము వాళ్లే తెరుచుకోవచ్చు. నీటి సంఘం మీటింగులో ఈ మాటే పెట్టాడు. హన్మాండ్లును తీసేద్దామన్నాడు. పై తూముల వాళ్లు కొట్లాటకు వస్తారని నడుం బిగించుకుని పోతే, అందరికంటే ముందు వెంకటనారాయణే చెయ్యెత్తాడు. దేవిదాస్ తన మాట బలానికి తానే మురిసిపోయాడు.

హన్మాండ్లు పార తెచ్చి సంఘం గది గోడకు ఆనించాడు. భార్య గంగమణిని వెంటబెట్టుకుని పెద్ద కొడప్‌గల్ దిక్కు కూలికి పోయాడు.

ప్రోగ్రాం రాసింది సిరీష. సెంటర్‌లో పాఠాలు చెప్పే పిల్ల. వెంకటనారాయణ కూతురు. అప్పుడు ఆ చుట్టరికాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు నెర్రెలు విచ్చిన మడిలో నిలబడితే అంతా అర్థమైనట్టే ఉంది. తండ్రి పొలం మొదటి తూము కింద, కూతురి వేళ్లు మీటల మీద.

దేవిదాస్ ఇంటికి కూడా పోలేదు. అటునుంచి అటే బాన్సువాడ బస్సెక్కాడు.

సెంటర్ బయట చెప్పులు విడవాలన్నారు. విడిచాడు. లోపల చల్లగా ఉంది. అతను కేకలు వేయలేదు.

"నీళ్లు కావాలంటే నన్నడిగితే నా వంతు ఇయ్యకపోదునా బిడ్డా," అన్నాడు. "నీ అయ్య కోసం గిట్ల దొంగ లెక్క రాస్తవా?"

సిరీష మొహం కందిపోయింది. తనకు చెప్పినదాంట్లో ఒక్క అక్షరం మార్చలేదని, కూర్చుంటే వరసగా చదివి వినిపిస్తానని, తప్పుంటే అతన్నే పట్టుకొమ్మని చెప్పింది. కుర్చీ జరిపింది.

నల్లటి తెర మీద తెల్లటి వరసలు. ప్రతి వరసకు ముందు పది, ఇరవై, ముప్పై అని అంకెలు. కంప్యూటర్ పైనుంచి కిందికి చదువుకుంటూ పోతుందని ఆ పిల్ల చెప్పింది. 'ఇఫ్' అని ఉన్నచోట ఆగి, అడిగింది నిజమా కాదా అని చూస్తుందట. నిజమైతే ఒక దారి, కాకపోతే ఇంకో దారి. 'గోటూ' అని కనబడితే చెప్పిన వరసకు దూకుతుందట. సొంతంగా ఏదీ ఆలోచించదట.

"మోటెద్దు లెక్క," అన్నాడు దేవిదాస్. "పోయి, మల్ల మొదటికే వస్తది."

"అంతే మామా."

చదివింది. మొదటి తూము తెరువు. దాని వంతు అయ్యాక, కాలువలో నీళ్లు గోడ మీద గీసిన గుర్తుకు పైన ఉన్నాయా? ఉంటే తర్వాతి తూముకు పో. లేకుంటే అన్నీ మూసెయ్. మళ్లీ నీళ్లు వదిలిన రోజు గోటూ పది. అంటే మొదటి తూము.

దేవిదాస్ వేలు ఆ వరస మీద ఆగింది.

"ఆగిన కాన్నుంచి గాదా?"

"మొదటి నుంచే. మీరు చెప్పిందే రాశాను మామా. తాతల నాటి పద్ధతి, ఒక్క ముక్క తప్పొద్దన్నారు. నీళ్లు నడుమలో ఆగితే చివరివాళ్లకెట్లా అని అడిగా కూడా. మా మడి ఎన్నడూ ఎండలే, రాయి బిడ్డా అన్నారు."

అన్నాడు. ఆ కుర్చీలోనే కూర్చుని అన్నాడు.

అయినా ఎక్కడో మోసం ఉంది. పోయినేడూ కాలువలో నీళ్లు ఇంతే. అప్పుడూ ఇదే రూలు. అప్పుడు పండిన మడి ఇప్పుడెందుకు పండదు?

బయట స్కూటర్ ఆగింది. కూతురిని తీసుకుపోవడానికి వచ్చిన వెంకటనారాయణ, తెర ముందు దేవిదాస్‌ను చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు. సిరీష రెండు ముక్కల్లో సంగతి చెప్పింది.

"నీ పిల్ల తప్పు లేదు," అన్నాడు దేవిదాస్, తెర మీంచి చూపు తిప్పకుండా. "నన్ను ముంచిందెవరో నువ్వన్న చెప్పు నారాయణా. గిదే రూలుతోని ఇన్నేండ్లు నా మడికి నీళ్లెట్ల అందినయ్?"

వెంకటనారాయణ స్కూటర్ తాళం జేబులో వేసుకుని చెప్పులు విడిచాడు. కూతురు కూడా జవాబు కోసం తన వంకే చూస్తోంది.

"రూలు ప్రకారం మీకెప్పుడు అందాయి పటేలా," అన్నాడు, "మేం వాకిట్లో నిలబెట్టి ఎంత తిట్టినా వినకుండా, చీకటి పడగానే మా తూములన్నీ మూసేసి మీ మడికి నీళ్లు తోలింది ఆ హన్మాండ్లే గదా."