టాటీబంధ్ గేటు దగ్గర దీపం

"వకీలూ వద్దు, గికీలూ వద్దు. జుర్మానా కట్టీసి వచ్చీస్తాను" అన్నాడు నూకరాజు, సైకిలుకి దీపం లేదని పోలీసు జవాను రాసిచ్చిన చలాను మడిచి జేబులో పెట్టుకుంటూ.

గుమ్మంలో నిలబడ్డ బావమరిది భీమారావు నవ్వాడు. అభిమానంతో నవ్విన నవ్వు కాదది. వాళ్లిద్దరి మధ్య అభిమానం ఉన్న రోజులు రాయ్‌పూర్ రైల్వే కాలనీలో ఎవరికీ గుర్తు లేవు. నూకరాజు పట్టాలు మార్చే పాయింట్స్‌మన్, భీమారావు గూడ్సు డ్రైవరు. తనకంటే చిన్నవాడు, భార్య తమ్ముడు, ఇంజనెక్కి ఊరేగడం నూకరాజుకి ఏనాడూ మింగుడు పడలేదు.

ఇప్పుడా డ్రైవరు ఉద్యోగమే ఊడేలా ఉంది. పోయిన శనివారం మసకచీకట్లో, టాటీబంధ్ దగ్గర ఎర్రదీపం కనబడిందని భీమారావు బండి ఆపేశాడు. అక్కడ ఏ దీపమూ లేదని గేటు మనిషి చెప్పాడు. తాగి నడిపాడని సస్పెండు చేశారు. ఆ దీపం ఎవరిదో తేల్చకపోతే ఇంటికి పొమ్మంటారు. కాలనీలో ఈ సంగతి చెప్పి అందరికంటే ఎక్కువ నవ్వినవాడు నూకరాజే.

అందుకే బావకి చలాను పడిందని తెలియగానే భీమారావు బాకీ తీర్చుకోవడానికి వచ్చాడు. ఎక్కడ పట్టుకున్నారని గుచ్చి గుచ్చి అడిగాడు. నూకరాజు జవాన్ని తిడుతూ జరిగిందంతా చెప్పాడు. డ్యూటీ లాంతరు హ్యాండిలుకి వేలాడుతూనే ఉందట. అది రైలు బత్తీ, సైకిలు బత్తీ కాదని ఆ పెద్దమనిషి ససేమిరా అన్నాడట.

భీమారావు నవ్వడం మానేసి, గుమ్మం దాటి లోపలికి వచ్చాడు.

"నాను నేని దీపం సూసినానని ఊరంతా సెప్పినావు గదా బావా. మరి నువ్వు, ఉన్న దీపం నేదని కోర్టు కచేరీలో ఒప్పీసుకుంతావేటి?" అన్నాడు.

రమణమ్మ వంటింట్లోంచి వచ్చి తమ్ముణ్ణి కసిరింది. ఇంట్లో అగ్గి పెట్టడానికే వచ్చావా అంది. మొగుడితో, తప్పయిపోయిందని దండం పెట్టి వచ్చేస్తే ఒక్క పూటలో తేలిపోతుందని చెప్పింది.

"అవునప్పా, అదే మంచిది. వకీల్ని పెట్టుకుంటే దీపం ఉందని రుజువు సెయ్యాల. బావ వల్ల అవ్వదు" అని అక్కతో అంటూ భీమారావు చెప్పులు వేసుకున్నాడు.

నూకరాజుకి ఒళ్లు మండిపోయింది. మర్నాడు పొద్దున్నే వకీలు ఇంటి ముందున్నాడు. ఇంత చిన్న కేసుకి నల్లకోటు దండగ, ఒప్పేసుకోమని వకీలే మొత్తుకున్నా వినలేదు.

కచేరీలో జవాను, తనకి సైకిలు దీపం కనబడలేదని చెప్పి దిగిపోయాడు. నూకరాజు బోనెక్కి చుట్టూ చూశాడు. వెనక బెంచీ మీద భీమారావు ఉన్నాడు. పక్కన సోలాటోపీ పెట్టుకున్న దొరెవరో ఉన్నాడు. నా పరువు పోతుంటే చూడ్డానికి స్నేహితుల్ని కూడా పోగేసుకొచ్చాడు, దుర్మార్గుడు, అనుకున్నాడు నూకరాజు. దాంతో గొంతు ఇంకా లేచింది.

శనివారం మసకచీకట్లో టాటీబంధ్ గేటు దగ్గర, పట్టాల పక్క బాటలో, తన లాంతరు నిక్షేపంగా వెలుగుతోందని వచ్చీరాని హిందీలో చెప్పాడు. ఏ రంగు వెలుగు అని అడిగాడు వకీలు.

ఎరుపు అన్నాడు నూకరాజు. తెల్ల వెలుగుకి ఎడ్లబళ్ల వాళ్లు పక్కకి తప్పుకోరని, అందుకే రోజూ ఎర్రద్దం ముందుకి తిప్పుతానని చెప్పాడు. ఎర్రదీపం మైలు దూరానికి కనబడుతుందని, ఎంతటివాడైనా ఆగి తీరాలని బల్ల గుద్ది మరీ చెప్పాడు. లాంతరు అక్కడే వెలిగించి, అద్దం తిప్పి చూపించాడు. ప్రమాణం చేస్తావా అంటే చేశాడు.

దీపం లేదని కదా కేసు, దీపం ఉందని తేలింది, కొట్టేస్తున్నానన్నాడు మేజిస్ట్రేటు.

నూకరాజు లాంతరు ఊపుకుంటూ తిన్నగా వెనక బెంచీ దగ్గరికి వెళ్లాడు.

"సూసినావేట్రా? నా దీపం నిజివేనని కచేరీయే ఒప్పుకుంది."

భీమారావు అతని వంక చూడలేదు. తన మీద విచారణ జరుపుతున్న ఆ సోలాటోపీ దొర వైపు తిరిగి, హిందీలో నెమ్మదిగా అన్నాడు.

"విన్నారు కదా సాబ్. శనివారం నేను తాగలేదు."